నకలునకు లెక్క: కవిలెకట్ట మొదలు కంప్యూటరు వఱకు



ఈనాటి ప్రసంగవిషయమును వినగానే, ఇది పట్టణములలో గాజుమేడలయందు పనిచేయు యువకులకు సంబంధించినదే గాని మనకేమి పని యని మీలో కొందఱు తలపవచ్చును. వ్యాపారసంస్థల యొక్కయు, ప్రభుత్వ కచేరీల యొక్కయు కంప్యూటర్లలో నిలువచేసిన పద్దుల రాశినుండి అచ్చటి ఉద్యోగులు నకళ్ళు దింపుకొనుటను ఎట్లు కనిపెట్టవలెను, ఎట్లు అదుపులో నుంచవలెను అనునది ఆ విషయము. ఆ పద్దుల రాశిని డేటాబేస్ అనియు, దానినుండి నకలు దింపుకొనుటను డౌన్‌లోడ్ అనియు అందురు. మాటలు క్రొత్తవి, చిక్కు మాత్రము చాల పాతది. మీ పొలము సర్వే నంబరు, మీ పింఛను, మీ బ్యాంకు ఖాతా, మీ మనుమని పరీక్షాఫలము, మీ యింటి ఇల్లాలి వైద్యపరీక్షల వివరము, ఇవి యన్నియు నేడు అట్టి రాశులలోనే యున్నవి. కావున ఇది మీ సంగతియే.

మొదట ఒక భేదమును గమనింపుడు. గాదెలోని ధాన్యమును దొంగ ఎత్తుకొనిపోయినచో గాదె వెలితియగును. తెల్లవాఱునప్పటికి యజమానికి తెలిసిపోవును. పద్దును దొంగిలించువాడు పద్దును కదలింప నక్కఱలేదు. చూచి వ్రాసికొనిన చాలును. అసలు ఉన్నచోటనే యుండును. అందొక్క అక్షరమైనను తగ్గదు. అందుచేత నష్టపడినవానికి తాను నష్టపడినట్లే తెలియదు. పూర్వము దీనికి సహజమైన అడ్డు ఒకటి యుండెను. అది చేతివ్రాత. వేయి పద్దులు వ్రాసికొనుటకు దినములు పట్టును. దీపపు నూనె కావలెను. ప్రక్కవారు చూడకుండ పని సాగదు. నేడు లక్షమంది వివరములు మనము కాఫీ త్రాగునంతలో బొటనవ్రేలంత పెన్‌డ్రైవులోనికి దిగును. సహజమైన అడ్డు తొలగినది గనుక బుద్ధిపూర్వకముగా మఱొక అడ్డును కల్పింపవలసివచ్చినది. అది ఎట్లుండవలెనో మన పూర్వుల అనుభవము చాలవఱకు చెప్పియున్నది. దానినే నేడు మీకు మనవి చేయదలచితిని.

కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మఱుగుపడియుండి, 1909లో మైసూరులో శామశాస్త్రిగారు అచ్చువేయించిన తరువాత మరల లోకమునకు తెలిసినది. అందు రెండవ అధికరణములో అక్షపటలమను కచేరినిగూర్చి ఒక అధ్యాయము కలదు. అక్షపటలమనగా రాజ్యముయొక్క లెక్కల కొఠారు. ఆ భవనము తూర్పునకో ఉత్తరమునకో ముఖమై యుండవలెననియు, లెక్కలు వ్రాయువారికి వేర్వేఱు పీఠములును, పుస్తకములకు ప్రత్యేకస్థానమును ఉండవలెననియు అందు విధింపబడినది. ఆషాఢమాసమున లెక్కలవారు ముద్రవేసిన పుస్తకములతో వచ్చి యొప్పగింపవలెను. వచ్చినవారు ఒకరితో నొకరు మాటలాడుకొనకుండ చూడవలెను. దాని తరువాతి అధ్యాయములో రాజధనమును ఉద్యోగులు అపహరించు నలువది ఉపాయములు లెక్కింపబడినవి. ఈ ఏర్పాటులను జాగ్రత్తగా చూచిన ఒక సంగతి తెలియును. ఈ ముద్రలును, ఈ వేర్వేఱు పీఠములును గోడదూకి వచ్చువానికొఱకు కాదు. లోపల కూర్చుండి పనిచేయువానికొఱకే.

యాజ్ఞవల్క్యస్మృతియు ఇదే భావమును చెప్పినది. రాజు తన ప్రజలను వంచకులనుండియు, దొంగలనుండియు రక్షింపవలెననుచు, కాయస్థులనుండి విశేషముగా రక్షింపవలెనని ఆ స్మృతికారుడు విధించెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను తన వ్యాఖ్యలో ఆ పదమునకు లేఖకులు, గణకులు అని అర్థము చెప్పెను. అనగా ఒక కులమును దూషించుట గాక ఒక ఉద్యోగమునందలి ప్రమాదమును చూపుటయే ఆ వ్యాఖ్యాత అభిప్రాయము. ఈ విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున నివసించినవాడు. ఆ కల్యాణము 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిదే. పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన ఆ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర పద్యములలో తెనిగించెను. దొంగకన్న వ్రాయసకానికి ఎక్కువగా వెఱవవలసిన కారణమేమి? దొంగ గోడ త్రవ్వుకొని రావలెను. వ్రాయసకానికి తాళపుచెవి మనమే యిచ్చియుందుము.

ఇక మన గ్రామములకు వత్తము. తాటాకుల కవిలెకట్టలు, బొగ్గుపొడియు చింతగింజల గంజియు పట్టించిన నల్లగుడ్డ మడతల కడితములు, ఆ తరువాతి కాలపు కాగితపు దస్త్రములు, ఇవన్నియు కరణముగారి యింటి అటుకమీదనే యుండెడివి. తెలంగాణమున పట్వారీగారి వసారాయే కచేరి. అడంగలు, చిట్టా, సేత్వారు, పహాణీ అను మాటలు మీకు నాకన్న బాగుగ తెలియును. కరణములలోను, పట్వారీలలోను ఋజువర్తనులు అనేకులుండిరి. ఆ మాట చెప్పకున్న అన్యాయమగును. కాని పద్దు వారి యింట నుండుటచేత పద్దు వారిదే యను భావము వారికిని, ఊరివారికిని కూడ కలిగెను. రైతు తన సొంత భూమిని గూర్చి తెలిసికొనుటకు మఱొకరి యరుగుమీద గంటలకొలది కూర్చుండవలసివచ్చెను.

నకలు తీయుట తనంతట చెడ్డపని కాదని కూడ ఇచ్చట చెప్పవలెను. కర్నల్ మెకంజీ దొరవద్ద పనిచేసిన కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులును, వారి మనుష్యులును ఊరూరు తిరిగి కరణములవద్దనున్న కవిలెలను చూచి నకళ్ళు వ్రాయించిరి. బొఱ్ఱయ్య 1803లోనే చనిపోయెను; పని సాగినది. ఆ విధముగా కూడిన కైఫియతులే లేకున్నచో మన యెన్నో గ్రామముల పూర్వచరిత్ర చెదలపాలై యుండెడిది. నకలునకు ఆజ్ఞ యుండెను, ప్రయోజన ముండెను, అది చేరవలసిన చోటు ఉండెను. ఈ మూడును లేని నకలే దొంగనకలు.

కరణముల అధికారమునకు హద్దుగా రెండు కట్టుబాట్లు ఏర్పడినవి. మొదటిది జమాబందీ. ఏటేట పైయధికారి గ్రామలెక్కలను తెప్పించి తనిఖీ చేసి సంతకము చేయవలెను. కోస్తాజిల్లాలలో ఫసలీ సంవత్సరము జూలై 1న మొదలగును. కౌటిల్యుడు చెప్పిన ఆషాఢమును ఇంచుమించుగా ఆ సమయముననే వచ్చును. రెండవది ధ్రువీకరించిన నకలు. 1872 నాటి సాక్ష్యచట్టము, చూచుటకు హక్కుగలవానికి రుసుము తీసికొని నకలు ఇవ్వవలెననియు, దానిపై తేదీవేసి, ఉద్యోగి తన పేరును హోదాను వ్రాయవలెననియు విధించెను. 2024 జూలై 1 నుండి ఆ చట్టమునకు బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఈ నియమము నిలిచియున్నది. న్యాయస్థానమునుండి తెచ్చుకొనిన తీర్పు నకలు మీ పెట్టెలో నున్నచో ఒకమాఱు దానిని చూడుడు. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ, వ్రాసినవాని గుఱుతు, సరిచూచినవాని గుఱుతు వరుసగా కనబడును. మనలో పెక్కుమంది ఆ వరుసను చదువరు. నా దృష్టిలో ఆ కాగితమునందు తీర్పు తరువాత ముఖ్యమైనది ఆ వరుసయే. ఈ నకలు ఎవరు కోరిరి, ఎప్పుడు కోరిరి, ఎవరి చేత తయారయ్యెను, ఎవరి చేతికి పోయెను అను ప్రశ్నలకు అది సమాధానము. నకలునకు లెక్క యనగా నిదియే.

గ్రామమున నున్న చిక్కే రాజధానిలోను ఉండెను. నిజాము రాజ్యములో దఫ్తరె దీవాని, దఫ్తరె మాల్ అను రెండు లెక్కల కార్యాలయములు వంశపారంపర్యపు దఫ్తరుదారుల అధీనములో నుండెడివి. రాయరాయాన్ వారును, మాల్వాలా వారును ఆ ఉద్యోగములను తరతరములుగా నిర్వహించిరి. దేశముయొక్క ఆదాయవ్యయములు ఏ దివానైనను వారిని అడిగి తెలిసికొనవలసినదే. 1853 నుండి 1883 వఱకు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు ఈ స్థితిని చక్కదిద్దుటకు పూనుకొనెను. 1865లో జిలాబందీయను పేర జిల్లాల నేర్పఱచి, లెక్కలు ప్రభుత్వపు ఉద్యోగులద్వారా ప్రభుత్వమునకే నేరుగా చేరునట్లు చేసెను. దఫ్తరుదారుల పట్టు సడలినది. ఆ దఫ్తరముల కాగితములు నేడు తార్నాకలోని రాష్ట్ర పురాతత్త్వ పత్రభాండారమున భద్రముగా నున్నవి; అచ్చట నకలు కావలసినవారు అనుమతి పొందవలెను.

తరువాతి కాలమున ప్రభుత్వములు ఇంతకన్న కఠినమైన మార్గమును త్రొక్కినవి. 1984 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులను రద్దుచేసెను. కరణము, మునసబు, పట్వారీ, పటేలు అందఱును ఒక్కనాడే పదవులు కోల్పోయిరి. సుప్రీంకోర్టు 1985లో ఆ చర్యను సమర్థించెను. నేను ఆ కాలమున ఒక పల్లెటూరి పాఠశాలలో తెలుగు పండితునిగా క్రొత్తగా చేరియుంటిని. ఎఱ్ఱగుడ్డలలో మూటలు కట్టిన దస్త్రములు ఎడ్లబండిమీద తహసీలు కచేరికి పోవుట చూచితిని. ఊరి వృద్ధుడొకడు బండివెనుక కొంతదూరము నడచి, తన పొలము అందులోనే పోవుచున్నదని అనుట నా చెవుల వింటిని.

పదవులు పోయినను పని పోలేదు గనుక పేర్లు మార్చుకొని గ్రామోద్యోగులు మరల వచ్చిరి. తెలంగాణమున 2020 సెప్టెంబరు 7వ తేదీన గ్రామ రెవెన్యూ అధికారులందఱు తమవద్దనున్న రికార్డులను మధ్యాహ్నము 3 గంటలలోగా అప్పగింపవలెనని ఉత్తరువు వెలువడెను. 5 వేలకు మించిన పదవులు చట్టముచేత రద్దయినవి. అదే సంవత్సరము అక్టోబరు 29న ధరణి యను కంప్యూటరు భూమిలెక్క ప్రారంభమైనది. 2025 ఏప్రిల్ 14న దానికి బదులుగా భూభారతి వచ్చినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో గ్రామపాలనాధికారులను పేర గ్రామములకు మరల ఉద్యోగులు నియమింపబడిరి. దీనినిబట్టి నేను గ్రహించినది యిది. పద్దుతో పనియున్నంతవఱకు పద్దును చూచువాడు ఒకడుండితీఱును. వానిని తొలగించిన వాని స్థానమున మఱొకడు వచ్చును. అనుమానముచేత మనుష్యులను మార్చుట కట్టుబాటు కానేరదు. మనుష్యుడెవడైనను, వాడు చేసిన పని గుఱుతు మిగులునట్లు చేయుటయే కట్టుబాటు.

ఈ మాటకు మంచి దృష్టాంతము నేను నివసించు సనత్‌నగరులోనే కలదు. ఇది మొదటినుండియు కర్మాగారముల పేట. 1942లో స్థాపింపబడిన అల్విన్ మెటల్ వర్క్స్ ఇచ్చటనే పెరిగి, బస్సులను, రెఫ్రిజిరేటర్లను, గడియారములను తయారుచేసినది. ఆ సంస్థ నేడు లేకున్నను కూకట్‌పల్లి వైపున అల్విన్ కాలనీ యను పేరు నిలిచియున్నది. ఇట్టి కర్మాగారములలో పనిచేసిన వృద్ధులు మా వీథులలో ఇంకను కలరు. పనిముట్ల కొట్టునుండి ఒక కొలతసాధనము కావలెనన్నచో తన నంబరు చెక్కిన ఇత్తడిబిళ్ళను అచ్చట ఇచ్చి సాధనమును తీసికొనవలెను. సాధనమును తిరిగి యిచ్చినప్పుడు బిళ్ళ తిరిగివచ్చును. యంత్రముల నమూనాపటములు కావలెనన్నచో రిజిస్టరులో సంతకము చేయవలెను. పని తీఱగానే అప్పగింపవలెను. గేటు దాటు ప్రతి వస్తువునకును గేటుపాసు ఉండవలెను. ఏ కార్మికుడును బిళ్ళను ఇచ్చుట తనకు అవమానమని తలపలేదు. కొట్టులో సాధనము తక్కువైననాడు తన బిళ్ళ తనవద్ద నున్నవాడు నిర్భయముగా ఇంటికి పోయెను.

ఇక కంప్యూటరు యుగము. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు 1998లో వచ్చినవి. అదే సంవత్సరము నవంబరులో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. మా ప్రక్కనే యున్న అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టును శిక్షణాలయములు వెలసినవి. పల్లెలనుండి వచ్చిన మన పిల్లలు వేలకొలది అచ్చట అద్దెగదులలో నుండి ఒరాకిల్, ఎస్.క్యూ.ఎల్. మొదలగు విద్యలు నేర్చిరి. వానిలో ముఖ్యమైనది పద్దుల రాశిని ప్రశ్నించి కావలసిన పద్దులను వెలికితీయు విద్య. అది వారి కుటుంబములకు అన్నము పెట్టినది. ఎందఱినో విదేశములకు పంపినది. అయినను తీయగల నేర్పునకు తోడుగా, ఎంత తీయవలెను, ఎవరి యనుమతితో తీయవలెను అను నియమము కూడ కావలెను గదా!

ఆ నియమము తప్పినచో ఎంత చిక్కు వచ్చునో తెలుపు వ్యాజ్యమొకటి లోకప్రసిద్ధమైనది. అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రములో ఎపిక్ సిస్టమ్స్ అను సంస్థ కలదు. ఆసుపత్రులలో రోగుల లెక్కలుంచు ప్రోగ్రాములను చేయుట దాని వృత్తి. ఆ ప్రోగ్రాములను వివరించు పత్రములను అది కంప్యూటరులో ఒకచోట నిలువచేసి, అర్హులకు మాత్రమే ప్రవేశము నిచ్చెడిది. కైజర్ పర్మనెంటే అను వైద్యసంస్థకు పనిచేసిపెట్టుటకు పోయిన మన దేశపు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఉద్యోగులు కొందఱు తమకు తగని ప్రవేశమును సంపాదించి పత్రములను దింపుకొనిరని ఎపిక్ 2014లో దావా వేసెను. దింపిన పత్రములు 6,477 అనియు, ఒకటే పలుమాఱులు దింపినవి తీసివేయగా 1,687 అనియు లెక్క చూపెను. అపోలో ఆసుపత్రులకొఱకు టాటావారు చేసిన మెడ్ మంత్ర అను ప్రోగ్రామును ఎపిక్ ప్రోగ్రాముతో పోల్చిచూచుకొనుటకు ఆ సమాచారమును వాడిరని అభియోగము. టాటావారు తాము తప్పుచేయలేదని వాదించిరి. 2016లో జూరీ 94 కోట్ల డాలర్లు చెల్లింపుమని తీర్పు చెప్పెను. న్యాయమూర్తి దానిని 42 కోట్లకు తగ్గించెను. అప్పీళ్ళలో అది 28 కోట్లకు దిగెను. 2023 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఆ విషయమున జోక్యము చేసికొనుటకు నిరాకరించెను.

ఇందలి ధనరాశికన్న ఆ 6,477 అను అంకెను గమనింపుడు. పత్రములు పోయిన సంగతి టాటావారివద్దనే పనిచేసిన ఒకరు తెలుపగా బయటపడినది; ఎన్ని పోయినవో మాత్రము ఎపిక్ వారి చిట్టాయే చెప్పినది. తలుపు మోసపోయినది గాని చిట్టా మోసపోలేదు.

చిట్టా లేనిచోట ఏమగునో మన నగరమే చూచినది. 2023 మార్చిలో సైబరాబాదు పోలీసులు ఏడుగురిని పట్టుకొని, వారివద్ద 16 కోట్ల 80 లక్షలమంది వివరములు అమ్మకమునకు సిద్ధముగా నుండెనని ప్రకటించిరి. మఱికొలది దినములకు, ఏప్రిల్ ఆరంభమున, ఫరీదాబాదునకు చెందిన ఒకనివద్ద 66 కోట్ల 90 లక్షలమంది వివరములు దొరకినవని ప్రకటించిరి. అవి 24 రాష్ట్రములకును 8 మహానగరములకును చెందినవట. ఇట్టి పద్దులు చేతులు మాఱి మాఱి వచ్చిన పిమ్మట, మొదట ఏ కొఠారునుండి ఏ చేయి దింపెనో తేల్చుట ఎంత కష్టమో ఊహింపుడు.

నా మిత్రుడొకడు, నావలెనే పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, తన విరమణధనము చేతికి వచ్చిన వారములోనే ఒక అపరిచితుని నుండి ఫోను అందుకొనెను. ఆ మనుష్యుడు వాని పేరును, విరమణ తేదీని, బ్యాంకు శాఖను, వచ్చిన మొత్తమును తప్పులేకుండ చెప్పెను. ఇంత తెలిసినవాడు బ్యాంకు ఉద్యోగియే యని నమ్మి నా మిత్రుడు అడిగిన సంఖ్యలన్నియు చెప్పెను. కూతురి పెండ్లికని దాచిన ధనములో పెద్దభాగము ఆ సాయంకాలమునకే పోయినది. ఆ వివరములు ఎచ్చటినుండి పోయినవో నేటికిని తేలలేదు. వానిని ముంచినది అపరిచితుని మాటకారితనము కాదు. ఆ చేతిలోనున్న నకలు.

ఇప్పుడు నేర్పుగల సంస్థలు ఏమి చేయుచున్నవో చెప్పెదను. నా పూర్వశిష్యుడొకడు ఇట్టి కొఠారునకు కాపలాదారుగా పనిచేయుచున్నాడు. వాడు విడమరచి చెప్పిన సంగతులివి. మొదటిది, ఎవని పనికి ఎంత కావలెనో అంతయే కనబడనిచ్చుట. ఆసుపత్రిలో బిల్లు వ్రాయువానికి చెల్లింపవలసిన మొత్తము కావలెను గాని రోగివ్యాధి పేరుతో పనిలేదు. రెండవది, చూచుట వేఱు, దింపుకొనుట వేఱు అని యెంచుట. ఒక్కొక్క పద్దును తెఱమీద చూచుటకు హక్కుగలవాడైనను వేల పద్దులను ఒక్కమాఱు దింపవలెనన్నచో పైయధికారి అనుమతి కావలెను. మూడవది, అక్కఱలేని భాగమును మఱుగుపఱచుట. ఆధారు సంఖ్యలో చివరి నాలుగంకెలు మాత్రమే కనబడునట్లు చేయుట ఇట్టిదే. నాలుగవది, ప్రతి ఉద్యోగికిని తన పేరు, తన పాస్‌వర్డు మాత్రమే యుండుట. ఒకని పాస్‌వర్డును పదిమంది వాడినచో చిట్టాలో ఒక్కని పేరే పడును; తప్పెవరిదో తేలదు. అయిదవది చిట్టా. దానిని వారు లాగ్ అందురు. ఎవరు, ఏ దినమున, ఏ గంటలో, ఏ యంత్రమునుండి, ఎన్ని పద్దులు తీసిరో అది తనంతట వ్రాసికొనును. దినమునకు ఇరువది పద్దులు చూచువాడు ఒకనాటి అర్ధరాత్రి ఇరువదివేలు దింపినచో వెంటనే హెచ్చరిక పోవును. ఉద్యోగము మానువాని ప్రవేశము ఆనాడే నిలిపివేయుదురు.

ఇంత చెప్పి ఆ శిష్యుడు కడపట ఒక మాట అనెను: "సార్, చిట్టా పెట్టడం సులువు. దాన్ని తీసి చదివేవాళ్ళే దొరకరు." ఆ మాట విని నాకు జమాబందీ జ్ఞప్తికి వచ్చినది. లెక్కలు వ్రాయించుటతో మన పూర్వులు తృప్తిపడలేదు. ఏటేట వానిని చదివించి సంతకము చేయించిరి. ఎవరూ చదువని చిట్టా దుమ్ముపట్టిన కవిలెకట్టతో సమానము. మఱియు చిట్టా ఎవరిని కనిపెట్టుచున్నదో వారి చేతిలోనే అది యుండరాదు. కాపలాదారు చేసిన పనికి కూడ గుఱుతు మిగులవలెను. ఆ గుఱుతును మఱొకడు చూడవలెను.

చట్టము ఈ మార్గముననే నడచుచున్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 43వ సెక్షను, యజమాని అనుమతిలేక కంప్యూటరునుండి పద్దులను దింపుకొనుటను, నకలు తీయుటను తప్పుగా పేర్కొనెను. దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షనుప్రకారము 3 సంవత్సరములవఱకు ఖైదు విధింపవచ్చును. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణచట్టము భారమును సంస్థమీద కూడ మోపెను. తగిన కాపుదల చూపని సంస్థకు 250 కోట్ల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ప్రవేశమును అదుపులో నుంచుటను, చిట్టా వ్రాయించి ఒక సంవత్సరము నిలువయుంచుటను విధించినవి. వీని యమలునకు సంస్థలకు 18 మాసముల గడువు ఈయబడినది.

అయితే ఈ కాపుదలకును హద్దుండవలెను. నేను పనిచేసిన కాలమున పరీక్షల ప్రశ్నాపత్రముల మూటకు ముద్రవేయుచుంటిమి. ఇద్దఱు సాక్షుల యెదుట ఆ ముద్రను విప్పుచుంటిమి. దాని యర్థము ఉపాధ్యాయులందఱు దొంగలని కాదు. ముద్ర చెక్కుచెదరకున్నచో మామీద అపవాదు రాదు. అందుచే ముద్ర మాకు రక్షయే యయ్యెను. ఆ సాకుతో ప్రధానోపాధ్యాయుడు మా సంచులు వెదకి, మా ఇంటి ఉత్తరములు చదివినచో మేము సహించియుండము. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆంతరంగికతను ప్రాథమికహక్కుగా ప్రకటించెను. ఉద్యోగియు పౌరుడే. కావున ఏమి కనిపెట్టబడుచున్నదో అతనికి ముందుగా చెప్పవలెను. కొఠారుతో అతనికి గల సంబంధమును కనిపెట్టవలెనే గాని అతని సొంత సంభాషణలను, అతని మిత్రులను, అతని నమ్మకములను గాదు. ఆ చిట్టాయు ఒక పద్దుల రాశియే, అందున్నవాడు ఉద్యోగి. అతని పద్దునకును అదే రక్షణ కావలెను.

పెద్దలారా! ఈ విషయము మీ యూరికి వచ్చి చేరినది. గ్రామసహకారసంఘములు 63 వేలకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును కేంద్రప్రభుత్వము 2022లో ఆమోదించెను. 2011లో మొదలైన మీసేవ కేంద్రములలో మీ వేలిముద్రలు, మీ కాగితములు దినదినము చేతులు మాఱుచున్నవి. సంఘపు సర్వసభ్యసమావేశమున ఎరువుల లెక్క, వడ్డీ లెక్క అడుగునట్లే ఈ మూడు ప్రశ్నలు కూడ అడుగుడు. మా పద్దులను ఎవరెవరు చూడగలరు? వానికి నకలు తీయగలవారెవరు? తీసిన నకళ్ళ చిట్టాను ఎవరు, ఎన్నాళ్ళకొకమాఱు చదువుచున్నారు? ప్రశ్న అడిగినంతనే ఎవరిని దొంగయన్నట్లు కాదు. జమాబందీనాడు లెక్కలను పరీక్షింపగోరుట కరణమును దూషించుట కాదని మన పెద్దలకు తెలియును.

1984లో బండివెంట నడచిన ఆ వృద్ధుడు చదువుకొనినవాడు కాడు. అయినను పద్దు ఎవరిదో ఆయన ఎఱిగియుండెను. దానిని వ్రాసినవాడును, కాచువాడును, దాచిన సంస్థయును దానికి ధర్మకర్తలు మాత్రమే. పద్దులో ఎవని పేరున్నదో పద్దు వానిది. దానికి తీసిన ప్రతి నకలునకును వానికి లెక్క చెప్పవలసిన ఋణము ధర్మకర్తలకు ఎల్లప్పుడును ఉండును.